కనురెప్పల శస్త్రచికిత్స, రక్తం పలచబడే మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పై రెప్ప వాలిపోయి చూపుకు అడ్డం వస్తున్నవారు, కింది రెప్ప లోపలికి తిరిగి వెంట్రుకలు నల్లగుడ్డుకు గుచ్చుకుంటున్నవారు, రెప్ప మీద కణితి తీయించుకోవలసినవారు ఎక్కువగా అరవై దాటినవారే. గుండె కోసమో, పక్షవాతం మళ్లీ రాకుండానో రోజూ ఒక మాత్ర వేసుకునేవారు కూడా ఆ వయసులోనే ఎక్కువ. విశాఖపట్నం నగరం నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే రోగులు, వారిని వెంటబెట్టుకు వచ్చే కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు ఈ మాత్రల గురించి అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఇందులో ఉన్న రోజుల లెక్కలు మీ వైద్యులతో మాట్లాడేటప్పుడు విషయం అర్థం కావడానికే గాని, మీ అంతట మీరు మాత్ర ఆపుకోవడానికి కాదు.

రక్తం పలచబడే మందులంటే ఏవి? నేను వేసుకుంటున్నది అదేనని ఎలా తెలుస్తుంది?

పేరు అలా స్థిరపడిపోయింది గాని, ఈ మందుల వల్ల రక్తం నీళ్లలా పలచబడదు. గడ్డకట్టే వేగం మాత్రమే తగ్గుతుంది. వీటిలో రెండు జాతులున్నాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రసుగ్రెల్, టికాగ్రెలార్ వంటివి రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తాయి. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్, డబిగాట్రాన్, రివరోక్సాబాన్, ఎపిక్సాబాన్ వంటివి రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్ల పనిని అడ్డుకుంటాయి. మన దగ్గర ఎక్కువ మందికి తెలిసిన ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. ఏసిట్రోమ్ అంటే ఎసినోకౌమరాల్.

చిక్కంతా కలిపి తయారుచేసిన మాత్రలతోనే వస్తుంది. ఎకోస్ప్రిన్ ఏవీ అనే గుళికలో ఆస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్ తగ్గించే మందు కూడా ఉంటుంది. పేరు చివర గోల్డ్ అని ఉండే కొన్ని గుళికల్లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మందు, మూడూ కలిసే ఉంటాయి. “రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారా” అని అడిగితే “లేదండీ, కొలెస్ట్రాల్‌ది ఒక్కటే” అని నిజాయితీగానే జవాబిచ్చి, ఆపరేషన్ బల్ల మీద రక్తం ఆగక అందరినీ కంగారుపెట్టినవారు ఉన్నారు. అందుచేత మాత్రల పేర్లు గుర్తుచేసుకుని చెప్పడం కంటే, వాడుతున్న అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని రావడం మేలు. సగం వాడేసిన అట్ట మీద పేరు చిరిగిపోయి ఉంటే కొత్త అట్టను కూడా తీసుకురండి.

రెప్ప మీద చేసే చిన్న ఆపరేషన్‌కు ఇంత ఆలోచన అవసరమా?

కొన్నిటికి అవసరం లేదు, కొన్నిటికి చాలా అవసరం. కంటికురుపు కోయడం, రెప్ప పైచర్మం మీది చిన్న పులిపిరి తీయడం వంటి వాటిలో రక్తం కారినా అది కంటికి కనిపించే చోటే కారుతుంది. వేలితో నొక్కి పట్టినా, కాటరీ అనే వేడి పరికరంతో కాల్చినా ఆగుతుంది. రెప్ప లోపల ఒక పలచటి పొర ఉంటుంది. దాని వెనుక కొవ్వు, ఆ కొవ్వు వెనుక కనుగుడ్డు చుట్టూ ఉండే ఎముకల గూడు ఉంటాయి. వాలిన రెప్పను ఎత్తడానికి, రెప్పల కింద ఉబ్బిన సంచులు తీయడానికి ఆ పొరను తెరవవలసి వస్తుంది. అప్పుడు ఏదైనా చిన్న రక్తనాళం నుంచి రక్తం కారి లోపలే నిలిచిపోతే, ఎముకల గూడు సాగదు గనుక ఒత్తిడి పెరిగి కంటి నరానికి, రెటీనాకు రక్తం అందడం ఆగిపోతుంది. ఆ ఒత్తిడిని గంటన్నర, రెండు గంటల్లోపు తగ్గించకపోతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

ఇది అరుదైన ప్రమాదం. అందం కోసం రెప్పలకు చేసే ఆపరేషన్ల మీద అమెరికాలోని సర్జన్లను అడిగి వేసిన అంచనాలో, కంటి గూటిలో రక్తస్రావం సుమారు 2,000 మందిలో ఒకరికి, శాశ్వతంగా చూపు పోవడం సుమారు 22,000 మందిలో ఒకరికి జరిగినట్లు తేలింది. అయినా రెప్పలకు కత్తి పెట్టే సర్జన్ ఎవరైనా ఈ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకునే మిమ్మల్ని మాత్రల గురించి పదేపదే అడుగుతారు.

మా ఆవిడకు శుక్లాల ఆపరేషన్ చేసినప్పుడు ఎకోస్ప్రిన్ ఆపమనలేదు. నాకు రెప్ప ఆపరేషన్‌కు మాత్రం ఎందుకు ఆపమంటున్నారు?

శుక్లాల ఆపరేషన్‌లో కోత పడేది నల్లగుడ్డు అంచున. నల్లగుడ్డులో రక్తనాళాలు ఉండవు. చాలా చోట్ల ఇప్పుడు చుక్కల మందుతోనే మత్తు ఇస్తున్నారు గనుక సూది గుచ్చవలసిన పని కూడా తప్పుతుంది. రెప్ప అలా కాదు. శరీరంలో రక్తప్రసరణ అతి సమృద్ధిగా ఉన్న చోట్లలో అది ఒకటి. రెప్ప మీది గాయం త్వరగా మానేదీ ఆ రక్తప్రసరణ వల్లే, సులువుగా కమిలిపోయేదీ దాని వల్లే.

అయితే ఎందుకొచ్చిన గొడవ, పది రోజుల ముందు నుంచే మాత్రలన్నీ మానేసి వస్తే సరిపోదా?

దయచేసి అలా చేయవద్దు. ఈ పేజీలోని మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క సమాధానం గుర్తుంచుకోవాలని మా కోరిక. రెప్ప కమిలితే రెండు వారాల్లో తగ్గుతుంది. మాత్ర ఆపినందువల్ల మెదడులో రక్తనాళం పూడుకుపోతే ఒక కాలు, ఒక చెయ్యి జీవితాంతం పడిపోవచ్చు. గుండె రక్తనాళం పూడకుండా లోపల వేసిన స్టెంటు అనే జాలి గొట్టం మూసుకుపోతే ప్రాణమే పోవచ్చు. “డాక్టరు గారికి ఇబ్బంది లేకుండా నేనే ముందుగా మానేశానండీ” అని కొందరు పెద్దలు గొప్పగా చెబుతుంటే మాకు గుండె ఝల్లుమంటుంది. అటువంటప్పుడు ఆపరేషన్ సంగతి పక్కనపెట్టి ముందు ఈసీజీ తీయించిన సందర్భాలు ఉన్నాయి.

మాత్ర ఆపాలో వద్దో ఇద్దరు కలిసి తేల్చవలసిన విషయం. ఆపితే ఎంత ప్రమాదమో ఆ మాత్ర రాసిన గుండె వైద్యుడికో నరాల వైద్యుడికో తెలుస్తుంది. ఆపకపోతే ఎంత ప్రమాదమో కంటి సర్జన్‌కు తెలుస్తుంది. కంటి సర్జన్ “రెప్ప లోపలి పొర తెరుస్తాను” అనో, “చర్మం వరకే కోస్తాను” అనో ఒక చీటీ రాసి ఇస్తే, దాన్ని చూసి గుండె వైద్యుడు తన అభిప్రాయం రాయగలరు. “కంటి ఆపరేషన్‌కు ఫిట్” అనే మూడు మాటల చీటీ ఎవరికీ ఉపయోగపడదు.

నాకు గుండె జబ్బు ఏమీ లేదు. ఎవరో మంచిదన్నారని ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. ఆపవచ్చా?

స్టెంటు గాని, గుండెపోటు గాని, పక్షవాతం గాని ఎన్నడూ లేకుండా ముందుజాగ్రత్తగా మాత్రమే వేసుకునేవారికి ఆపడం వల్ల వచ్చే నష్టం చాలా తక్కువ. ఆస్పిరిన్ సోకిన ప్లేట్‌లెట్ తన జీవితకాలమంతా మళ్లీ పనిచేయదు, ఆ జీవితకాలం 7 నుంచి 10 రోజులు. అందుకే వారం ముందు ఆపమంటారు. ముందు రోజు ఆపితే ఆపనట్టే లెక్క. ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవారి విషయం వేరు. వారికి ఒక్క ఆస్పిరిన్ మాత్రమే నడుస్తుంటే చాలా రెప్ప ఆపరేషన్లు దాన్ని కొనసాగిస్తూనే చేయవచ్చు.

స్టెంటు వేసి ఎనిమిది నెలలైంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నాను. ఏం చేయాలి?

స్టెంటు ఎందుకు వేశారన్నదాన్ని బట్టి సమాధానం మారుతుంది. గుండెపోటు వచ్చి వేయించుకున్నవారు సాధారణంగా ఏడాది పాటు రెండు మాత్రలూ ఆపకూడదు. నడిస్తే ఆయాసం, నొప్పి ఉండి ముందుగా నిర్ణయించుకున్న రోజున వేయించుకున్నవారికి ఆ గడువు తరచుగా ఆరు నెలలు. వాలిన రెప్ప ఏడాది క్రితం ఎంత వాలి ఉందో ఇంకో నాలుగు నెలల తరవాత కూడా దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి గడువు తీరే వరకు ఆపరేషన్ వాయిదా వేసుకోవడమే తెలివైన పని, వాయిదా వేస్తే సర్జన్ మీద చిన్నబుచ్చుకోనక్కరలేదు.

గడువు తీరిన తరవాత గుండె వైద్యుడు ఒప్పుకుంటే క్లోపిడోగ్రెల్‌ను 5 నుంచి 7 రోజుల ముందు ఆపి ఆస్పిరిన్‌ను కొనసాగించడం మామూలు పద్ధతి. టికాగ్రెలార్‌కు 3 నుంచి 5 రోజులు, ప్రసుగ్రెల్‌కు 7 రోజులు చెబుతారు. రెండూ ఒకే గుళికలో ఉన్నవారు ఇక్కడే పొరబడతారు: క్లోపిడోగ్రెల్ ఆపమంటే గుళిక మొత్తం ఆపేస్తారు, దాంతో ఆస్పిరిన్ కూడా ఆగిపోతుంది. అటువంటివారికి ఆ వారం పాటు విడి ఆస్పిరిన్ మాత్ర రాయించుకోవాలి.

వాయిదా వేయలేని ఆపరేషన్లు కూడా ఉన్నాయి. రెప్పలోని నూనె గ్రంథుల నుంచి పుట్టే క్యాన్సర్ మన దేశంలో అరుదు కాదు. కంటికురుపు అనుకుని కోయించుకున్నా అదే చోట మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని అనుమానించాలి. దాన్ని నాలుగు నెలలు వదిలేయకూడదు గనుక, రెండు మాత్రలూ నడుస్తుండగానే ఎక్కువ జాగ్రత్తలతో ఆపరేషన్ చేస్తారు.

మా అమ్మగారికి గుండె వాల్వు మార్చారు, ఏసిట్రోమ్ వాడుతున్నారు. కింది రెప్ప వెంట్రుకలు గుచ్చుకుని కన్ను ఎర్రబడుతోంది. ఆపరేషన్ చేయించవచ్చా?

చేయించవచ్చు. కాని అందరిలోకీ ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసింది మీ అమ్మగారి వంటివారే. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల వాల్వు దెబ్బతిని, లోహపు వాల్వు పెట్టించుకున్నవారు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చాలామంది కనిపిస్తారు. మందు లేకుండా ఉంటే లోహపు వాల్వు మీద, అందులోనూ గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ స్థానంలో ఉన్నదాని మీద, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. కింది రెప్పను సరిచేసే ఆపరేషన్ చాలావరకు పైపైనే జరుగుతుంది. అందుచేత ఎక్కువ సందర్భాల్లో మందు ఆపకుండానే, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఆమెకు నిర్దేశించిన హద్దులో ఉందో లేదో చూసుకుని చేస్తారు. గుండె లయ తప్పినవారికి ఆ హద్దు 2 నుంచి 3. లోహపు మైట్రల్ వాల్వు ఉన్నవారికి 2.5 నుంచి 3.5. నెల కిందటి రిపోర్టు పనికిరాదు, ఆపరేషన్‌కు ముందు 24 గంటల నుంచి 72 గంటల లోపు చేయించినది కావాలి.

మందు ఆపవలసినంత పెద్ద ఆపరేషన్ అయితే వార్ఫరిన్‌ను 5 రోజుల ముందు, త్వరగా దిగిపోయే ఎసినోకౌమరాల్‌ను 2 నుంచి 3 రోజుల ముందు ఆపి, ఐఎన్ఆర్ 1.5 లోపుకు వచ్చిందని చూసుకుంటారు. ఆ మధ్య రోజుల్లో పొట్ట మీద వేసే హెపారిన్ (ఇదీ రక్తం గడ్డకట్టకుండా చేసే మందే) ఇంజెక్షన్లు కొందరికే అవసరం. లోహపు వాల్వు లేకుండా గుండె లయ మాత్రమే తప్పినవారిలో ఈ ఇంజెక్షన్ల వల్ల పక్షవాతం తగ్గకపోగా రక్తస్రావం పెరిగిందని 2015లో వెలువడిన బ్రిడ్జ్ అనే పెద్ద పరిశోధనలో తేలింది. “పక్కింటాయనకు ఇంజెక్షన్లు రాశారు, నాకెందుకు రాయలేదు” అనే సందేహానికి జవాబు తరచుగా ఇదే.

ఐఎన్ఆర్ విషయంలో ఆకుకూరల మాట కూడా రావాలి. తోటకూర, పాలకూర, మునగాకుల్లోని విటమిన్ కె ఈ మందులకు ఎదురు పనిచేస్తుంది. మానేయమని చెప్పడం లేదు. ఆపరేషన్ ఉందని వారం పాటు ఒక్కసారిగా మానేసినా, “బలం” కోసం రోజూ తిన్నా ఐఎన్ఆర్ మారిపోతుంది. ఎప్పుడూ తినేటంతే తినండి.

నేను వాడేది కొత్త రకం మాత్ర, ఐఎన్ఆర్ అక్కర్లేదన్నారు. దీనికి ఎన్ని రోజులు?

ఎపిక్సాబాన్, రివరోక్సాబాన్, డబిగాట్రాన్ త్వరగా ఎక్కి త్వరగా దిగుతాయి. పైపై ఆపరేషన్‌కు సుమారు ఒక రోజు, లోపలి పొర తెరిచే ఆపరేషన్‌కు సుమారు రెండు రోజులు ఆపితే చాలామందికి సరిపోతుంది. కాని ఈ లెక్క మూత్రపిండాలు సరిగా పనిచేసేవారికి. డబిగాట్రాన్‌లో దాదాపు 80 శాతం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎంత విస్తారంగా ఉందో తెలిసిందే; అక్కడి నుంచి వచ్చేవారికి, షుగరు చాలాకాలంగా ఉన్నవారికి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా రోజుల లెక్క చెప్పకూడదు. వారికి నాలుగు రోజులు కూడా పట్టవచ్చు. డయాలసిస్‌లో ఉన్నవారికి ఆ ప్రక్రియలోనే హెపారిన్ ఎక్కిస్తారు గనుక, ఆపరేషన్‌ను డయాలసిస్ లేని రోజున పెట్టించుకోవాలి, ఏ రోజుల్లో డయాలసిస్ ఉంటుందో ముందే చెప్పాలి.

మందుల దుకాణంలో కొనుక్కునేవి, ఆయుర్వేద గుళికలు కూడా చెప్పాలా?

చెప్పాలి. చాలామంది మందులుగా లెక్కవేయనివి ఇవే. మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి. చేపనూనె గుళికలు, విటమిన్ ఇ, వెల్లుల్లి, పసుపు, జింకో అనే చెట్టు ఆకుల సారాలతో చేసిన గుళికలు వారం, రెండు వారాల ముందు ఆపడం మంచిది. కూరలో వేసే పసుపు, పప్పులో వేసే వెల్లుల్లి ఈ లెక్కలోకి రావు. వాటికి భయపడి చప్పిడి తిండి తిననక్కరలేదు.

ఆపరేషన్ తరవాత నొప్పికి పారాసెటమాల్ వాడండి. ఊరికి వెళ్లాక నొప్పి అనగానే నడుముకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఏసిట్రోమ్ వాడేవారికి ఆ సూది పొడిచిన చోటే లోపల రక్తం గూడుకట్టవచ్చు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ వంటి యాంటీబయోటిక్స్, ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతాయి. వాటిని ఎవరు రాసినా ఏసిట్రోమ్ సంగతి చెప్పండి.

బీపీ మాత్ర కూడా ఆపాలా?

ఆపకూడదు. రెప్ప ఆపరేషన్‌లో, ఆ రాత్రి రక్తం కారడానికి పెద్ద కారణాల్లో పెరిగిన బీపీ ఒకటి. ఖాళీ కడుపుతో రమ్మన్నా బీపీ మాత్రను ఒక గుటక నీళ్లతో వేసుకోమని సాధారణంగా చెబుతారు. మీకు ఎలా చెప్పారో ఒకసారి అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్ అయ్యాక ఎంత వాపు, ఎంత నలుపు మామూలు? దేనికి భయపడాలి?

రెప్ప ఉబ్బి, నల్లగానో ఊదాగానో కమిలి, ఆ రంగు రెండో రోజుకు బుగ్గ మీదికి దిగడం మామూలే. అది పసుపుపచ్చగా మారి రెండు వారాల్లో పోతుంది; రక్తం పలచబడే మందులు కొనసాగించినవారికి ఇంకొంచెం ఎక్కువ రోజులు పట్టవచ్చు. గాయం అంచున దూదికి అంటే రక్తపు మరక కూడా మామూలే. శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్లలో పిండి, మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపు గంటకు పది పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కకుండా రెప్ప మీద ఉంచాలి. ఐస్ ముక్కను నేరుగా చర్మానికి తాకించవద్దు, మత్తు పూర్తిగా దిగక ముందు చలి కాటేసినా తెలియదు. రెండు మూడు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి.

భయపడవలసిన లక్షణాలు వేరు. పారాసెటమాల్‌కు లొంగకుండా నిమిషనిమిషానికి పెరిగే నొప్పి, కనుగుడ్డు ముందుకు పొడుచుకు వస్తున్నట్లు ఉండడం, రెప్ప రాయిలా గట్టిపడడం, చూపు మసకబారడం, నొప్పితో పాటు వాంతులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు, ఫోన్ ఎత్తలేదని ఎదురుచూడవద్దు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికో, 24 గంటలూ అత్యవసర విభాగం ఉండే, విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి పెద్ద ఆసుపత్రికో వెంటనే వెళ్లాలి. అక్కడ కుట్లు విప్పి, కంటి బయటి మూలలో చిన్న కోత పెట్టి ఒత్తిడి దింపుతారు. స్కాన్ కోసం కూడా ఆగకుండా చేయవలసిన పని అది.

మొదటి రాత్రి వెంట ఉన్నవారు రెండు గంటలకోసారి రోగిని లేపి, ఆపరేషన్ అయిన కంటితో వేళ్లు లెక్కపెట్టించాలి. వాపు వల్ల రెప్ప తెరుచుకోకపోతే టార్చి వెలుగు తెలుస్తోందో లేదో అడగాలి. నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక ఈ పని మానేసేవారే ఎక్కువ.

మాది పాడేరు వైపు. ఆపరేషన్ అయిన సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోవచ్చా?

వెళ్లవద్దు. సూది మందులో కలిపే అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది. దాని ప్రభావం దిగిపోయే తొలి గంటల్లోనే లోపల రక్తం కారే అవకాశం ఎక్కువ, ఆ ముప్పు మొదటి 24 గంటల వరకు గట్టిగానే ఉంటుంది. పాడేరు, అరకు వంటి చోట్లు విశాఖకు వంద కిలోమీటర్ల పైనే ఉన్నాయి, ఘాట్ రోడ్డు కూడా ఉంది. కంటికి ఉన్న గంటన్నర వ్యవధిలో అక్కడి నుంచి తిరిగి రావడం సాధ్యం కాదు. బంధువుల ఇంట్లోనో, ఆసుపత్రి దగ్గర అద్దె గదిలోనో కనీసం ఒక రాత్రి, రక్తం పలచబడే మందు నడుస్తుంటే రెండు రాత్రులు నగరంలోనే ఉండండి.

మళ్లీ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆపడం గురించి అందరూ అడుగుతారు, దీన్ని అడిగేవారు తక్కువ. కుట్లు తీయించుకునే రోజున “ఇంకా మొదలుపెట్టలేదు, మీరు చెబుతారని చూస్తున్నాను” అన్నవారిని చూశాము. కంటి సర్జన్ గుండె వైద్యుడు చెబుతాడనుకుంటారు, గుండె వైద్యుడు కంటి సర్జన్ చెబుతాడనుకుంటారు, మధ్యలో రోగి పది రోజులు మందు లేకుండా గడుపుతాడు. అందుకే ఆపే తేదీ రాసిన చీటీ మీదే మళ్లీ మొదలుపెట్టే తేదీ కూడా రాయించుకోండి. రాయకపోతే అక్కడే నిలబడి అడగండి.

లోపల రక్తస్రావం లేదని తేలితే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్‌లను ఆ సాయంత్రమో మరునాడో మొదలుపెట్టవచ్చు. వాటి ప్రభావం పూర్తిగా రావడానికి ఎలాగూ కొన్ని రోజులు పడుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ తరచుగా మరునాడే మొదలవుతాయి. కొత్త రకం మాత్రలు వేసుకున్న రెండు మూడు గంటల్లోనే పూర్తిగా పనిచేస్తాయి గనుక వాటితో తొందర పనికిరాదు: పైపై ఆపరేషన్ తరవాత ఒక రోజు, లోపలి పొర తెరిచినప్పుడు రెండు మూడు రోజులు ఆగమంటారు. తప్పిపోయిన రోజులకు కలిపి రెండేసి మాత్రలు వేసుకోకూడదు.

పూజలు, మొక్కులు?

వంగడం, బరువులెత్తడం, ముక్కడం రెండు వారాలు మానుకోవాలి. మలబద్ధకం ఉంటే దానికి ముందే మందు అడగండి. సాష్టాంగ నమస్కారం బదులు నిలబడి చేతులు జోడిస్తే చాలు. తలనీలాలు ఇచ్చేటప్పుడు చాలాసేపు తల వంచుకుని కూర్చోవాలి గనుక ఆ మొక్కు వాయిదా వేసుకోండి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడవాలని నిర్ణయించుకున్నవారు ఆపరేషన్ తేదీ పెట్టించుకునేటప్పుడే ఆ మాట చెబితే, దానికి నెల ముందో, అది అయిపోయాకో తేదీ ఇస్తారు.